మా అపార్ట్‌మెంట్ కరెంటు పని: ఎక్కువ రేటు వేసిన పాత కంపెనీకే ఎందుకిచ్చాం

ముందు డబ్బు సంగతి. బిల్డింగు వైరింగు పనికి మేం తెప్పించిన మూడు కొటేషన్లలో, చివరికి పని ఇచ్చిన ఈ పాత కంపెనీదే ఎక్కువ. అందరికంటే తక్కువ వేసినవాళ్ళ మీద దాదాపు మూడో వంతు ఎక్కువ. నేను షిప్‌యార్డు అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కువ రేటుకు పని ఇస్తే ఎందుకిచ్చామో ఫైల్లో రాయాలన్న అలవాటు ఇంకా వదల్లేదు. కమిటీలో ట్రెజరర్ని కాబట్టి ఆ నోటు రాయాల్సిన బాధ్యత కూడా నాదే. ఇక్కడ రాస్తే మాలాంటి పాత అపార్ట్‌మెంట్ల వాళ్ళకు కూడా పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నాను.

మాది విశాఖ లాసన్స్ బే కాలనీలో ఎనభైల చివర్లో కట్టిన బిల్డింగు. కింద పార్కింగు, పైన నాలుగు అంతస్తులు, పదహారు ఫ్లాట్లు. మేడ మీద బట్టలారేస్తే సాయంత్రానికి ఉప్పు వాసన పట్టేంత దగ్గర్లో సముద్రం. కట్టిన రోజుల్లో ఒక్కో ఇంటికి నాలుగు ఫ్యాన్లు, ట్యూబులైట్లు, ఒక ఫ్రిజ్, ఉన్నవాళ్ళకు ఒక గీజరు. ఇప్పుడు ఏసీ లేని బెడ్రూము లేదు. వైర్లు మాత్రం అప్పటివే.

పోయిన వేసవిలో ఒక రాత్రి మా ఇంట్లో లైట్లు ఉన్నట్టుండి దీపావళికి వెలిగినట్టు వెలిగాయి. ఎదురింట్లో అదే సమయానికి ఫ్యాన్ మూలుగుతూ తిరుగుతోంది, ఏసీ ఆగిపోయింది. మా ఆవిడ మెయిన్ కట్టేసేలోపు టీవీ వెనక నుంచి కాలిన వాసన. ఆ రాత్రి బిల్డింగులో టీవీలు, రెండు ఫ్రిజ్‌లు, ఒక వాషింగ్ మెషిన్ బోర్డు పోయాయి. పోయినవన్నీ బిల్డింగుకు వచ్చే మూడు లైన్లలో ఒకే లైను, అంటే ఒకే ఫేజు మీదున్న ఇళ్ళవి. మిగతా వాళ్ళకు ఏమీ కాలేదు, వెలుతురు తగ్గింది, అంతే.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మెయిన్ ప్యానెల్లో న్యూట్రల్, అంటే మూడు ఫేజుల కరెంటూ తిరిగి వెళ్ళే తీగ, వదులైంది. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపు మూడు ఫేజుల్లో ఏ ఇంటికైనా 230 వోల్టుల చొప్పున వస్తుంది. అది వదులైతే ఆ పంపకం చెడుతుంది. ఏసీలు ఎక్కువ నడుస్తున్న ఫేజు మీద వోల్టేజి పడిపోతుంది, లోడు లేని ఫేజు మీద 300 దాటినా దాటుతుంది. రెండు ఫేజుల మధ్య ఉండేది దాదాపు 400 మరి. ఆ రాత్రి మా ఫేజు మీది వాళ్ళు సగం మంది పెళ్ళికి వెళ్ళి ఊళ్ళో లేరు. ఊళ్ళో ఉన్నందుకు మా టీవీ పోయింది.

మొదట పిలిచిన కాంట్రాక్టరు పేరు రాయను. వచ్చి, ప్యానెల్ తలుపు తీసి, చూసి, "మొత్తం మార్చేయాలి సార్" అన్నాడు. ఏది పోయింది, ఎందుకు పోయింది అనడిగితే "మొత్తం పాతది సార్" అన్నాడు. మీటరు పెట్టి కొలవలేదు, ఏ ఇంట్లోకీ వెళ్ళలేదు. మర్నాటికల్లా వాట్సాప్‌లో ఒక పేజీ కొటేషన్ పంపాడు. రెండోవాళ్ళు కాస్త నయం, ఇళ్ళు తిరిగారు. కానీ వాళ్ళ లెక్కలో కూడా కింది నుంచి పై వరకు అన్నీ కొత్తవే.

ఈ కంపెనీ గుర్తుకు రావడానికి కారణం మా రెండో అంతస్తు మేడమ్. మొదట్నుంచీ ఉన్న ఓనర్లలో ఆవిడ ఒకరు. అప్పట్లో వైరింగు చేసినవాళ్ళ బోర్డు పూర్ణా మార్కెట్ వైపు ఇప్పటికీ ఉందని ఆవిడే చెప్పారు. వెళ్ళాను. కింద వైండింగ్ షాపు, పైన ఆఫీసు. మెట్లు ఎక్కుతుంటేనే వార్నిష్ వాసన. పైన ఒక పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, ముందు చిన్న ఫ్యాను పెట్టుకుని పేపరు చదువుతున్నారు. వ్యవహారం చూసేది ఆయన మనవరాలు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి. కొడుకు అచ్యుతాపురం, పరవాడ సైట్ల మీద ఉంటారట.

బిల్డింగు పేరు చెప్పగానే పెద్దాయన పేపరు మడిచారు. "ఏ సంవత్సరమండీ?" అని ఒకటే ప్రశ్న. చెప్పాను. ఆ అమ్మాయి లోపలి గదిలోకి వెళ్ళి, టేపుతో కట్టిన అట్టల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో మా బిల్డింగు డ్రాయింగ్ ఉంది! అమ్మోనియా ప్రింటు, మడతల దగ్గర చిరిగి, గీతలు వెలిసిపోయి ఊదా రంగుకు తిరిగాయి. కానీ చదవడానికి వస్తోంది. ఏ ఇల్లు ఏ ఫేజు మీద, ఏ గదిలో ఎన్ని పాయింట్లు, పైపు గోడలో ఎటు నుంచి ఎటు పోయింది, జంక్షన్ బాక్సు ఎక్కడ, లీకైన కరెంటును భూమిలోకి దింపే ఎర్తు గుంట ఎక్కడ, అన్నీ ఉన్నాయి. కింద సూపర్‌వైజరు సంతకం, పర్మిట్ నంబరు. దాని వెనక ఎలక్ట్రిసిటీ బోర్డుకు ఇచ్చిన టెస్ట్ రిపోర్టు కార్బన్ కాపీ.

మా బిల్డరు దగ్గర ఈ కాగితం లేదు. మా అసోసియేషన్ దగ్గరా లేదు. ముప్పై అయిదేళ్ళ పాటు దాచినవాళ్ళకు దీనివల్ల ఒక్క రూపాయి రాలేదు. నా నోటులో మొదటి కారణం ఇది. ఎక్కువ రేటుకు ఒప్పుకోవడానికి ఇదొక్కటి చాలదని నాకూ తెలుసు, అందుకే మిగతాది కూడా చదవండి.

కంపెనీ చరిత్ర నేను అడగలేదు, ఆయనే చెప్పారు. మధ్యాహ్నం వెళ్తే మీకూ చెబుతారు, కాస్త తీరిక చేసుకుని వెళ్ళండి. ఆయన తండ్రి సింధియా షిప్‌యార్డులో వైర్‌మన్ హెల్పరుగా చేరారట. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ పెట్టిన యార్డు అది. ఇప్పుడది హిందుస్థాన్ షిప్‌యార్డు అయినా ఆ చుట్టుపక్కల పేటను ఇప్పటికీ సింధియా అనే పిలుస్తున్నాం. 1948 మార్చిలో నెహ్రూ గారు జల ఉష ఓడను నీళ్ళలోకి దింపిన రోజు ఆయన తండ్రి ఆ గుంపులో ఉన్నారని చెప్పారు. నేను అకౌంట్స్‌లో చేరేనాటికి ఆ ఓడ కథలు చెప్పే ముసలివాళ్ళు క్యాంటీన్లో ఇంకా కొందరుండేవారు. అందుకని ఇక్కడ నేను కాస్త మెత్తబడ్డాను, ఒప్పుకుంటాను.

ఓడలో వైరింగు ఇంటి వైరింగులాంటిది కాదు. ఇనుప గదుల మధ్య నుంచి వందల తీగలు కట్టలు కట్టలుగా పోతాయి, ఎక్కడ తెగినా నడిసముద్రంలో వెతుక్కోవాలి. అందుకని ప్రతి తీగకూ రెండు కొసలా నంబరు బిళ్ళ కడతారు, ఆ నంబరు డ్రాయింగులో ఉంటుంది. ఆయన తండ్రి ఈ పద్ధతినే ఇళ్ళకు తెచ్చారట. అరవైల నాటి బిల్డింగుల్లో చెక్క బద్దెల మీద క్లిప్పులు కొట్టి రబ్బరు తొడుగు వైరు లాగినప్పుడు కూడా, బోర్డు లోపల చిన్న రేకు ముక్కల మీద నంబర్లు గుద్ది కట్టేవారట. "ఇంటి ఓనరు నవ్వేవాడండీ, నా ఇల్లు ఏమైనా ఓడా అని" అంటూ పెద్దాయన కూడా నవ్వారు.

షాపు పెట్టింది మచ్‌ఖండ్ కరెంటు వచ్చిన తర్వాత. 1955లో అక్కడ, ఆంధ్రా ఒరిస్సా ఉమ్మడి ప్రాజెక్టులో, ఉత్పత్తి మొదలయ్యాక ఈ ప్రాంతంలో కరెంటు అడిగే ఇళ్ళూ, మిల్లులూ పెరిగాయి. మొదట మోటారు వైండింగు, తర్వాత ఇళ్ళు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, ఇప్పటి హెచ్‌పీసీఎల్. అక్కడ సబ్ కాంట్రాక్టు కింద కొంత పని దొరికింది. గ్యాసు తిరిగే చోట మామూలు స్విచ్చి పెట్టకూడదు. లోపల నిప్పురవ్వ లేచినా బయటి గ్యాసు అంటుకోకుండా దళసరి పోత ఇనుప పెట్టెల్లో బిగిస్తారు, మూత అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. స్క్రూ ఎంత బిగించాలో తమవాళ్ళు అక్కడే నేర్చుకున్నారని ఆయన మాట. తర్వాత కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ, బీహెచ్‌పీవీ (భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్). విశాఖలో ఏ పెద్ద ఫ్యాక్టరీ లేచినా దాని వెనకాల ఇలాంటి చిన్న కంపెనీలు నాలుగైదు పెరిగాయి. ఇప్పుడు వాటిలో చాలా బోర్డులు కనిపించవు.

స్టీల్ ప్లాంటు దగ్గర ఆయన గొంతు మారింది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. అసలు నిర్మాణం ఊపందుకునేసరికి ఎనభైలు వచ్చాయి. జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టులో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా. ఆ మధ్యలో ఈ కంపెనీ తాహతుకు మించి మనుషుల్ని పెట్టుకుని, ఒక పెద్ద కాంట్రాక్టరు కింద పనికి దిగింది. పైవాడు బిల్లులు ఆపేశాడు. పేరు ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన భార్య నగలు బ్యాంకులో పెట్టి వైర్‌మన్లకు జీతాలిచ్చారట. అప్పుడే ఊళ్ళో అపార్ట్‌మెంట్లు లేస్తుండటంతో చిన్న పనులకు దిగొచ్చారు. అలా వచ్చిన వాటిలో మాదొకటి. మా బిల్డింగు పునాదిలో స్టీల్ ప్లాంటు నష్టం కూడా కొంత ఉందన్నమాట!

ఆ ఫైళ్ళు తిరగేస్తుంటే నాకు ఇంకో సరదా. కాగితాల తల మీద ఆఫీసుల పేర్లు మారుతూ వచ్చాయి. పాతవన్నీ ఏపీఎస్ఈబీకి, అంటే పాత రాష్ట్ర ఎలక్ట్రిసిటీ బోర్డుకు రాసినవి. 1999లో బోర్డు విడిపోయాక ట్రాన్స్‌కో. ఆ మరుసటేడు నుంచి ఈపీడీసీఎల్, ఇప్పుడు మనకు కరెంటిచ్చే కంపెనీ. రూళ్ళూ అంతే. పాత రిపోర్టుల్లో 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ నంబర్లు, 2010 తర్వాతి వాటిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు. పైన ఏది మారినా కింద కొలిచిన అంకెలు మాత్రం అవే గళ్ళలో ఉన్నాయి: ఇన్సులేషన్ ఇంత, ఎర్తు రెసిస్టెన్స్ ఇంత. గళ్ళు ఖాళీగా వదలని రిపోర్టు చూస్తే ఆడిట్ చేసినవాడికి ఎంత సంతోషమో మీకు చెప్పినా అర్థం కాదు.

ఇక పని గురించి.

కొటేషన్ ఇచ్చే ముందు ఆ అమ్మాయి ఇద్దరు మనుషులతో వచ్చింది. ప్యానెల్ తెరిచి, వేడెక్కిన చోట్లు చూపించే థర్మల్ కెమెరాతో ఫొటోలు తీసి, ఆ తర్వాతే సరఫరా కట్టించింది. న్యూట్రల్ బిగించిన చోటు నాకు చూపించింది. లావుపాటి అల్యూమినియం కేబులు, దాని చివర బోల్టు బిగించడానికి తొడిగే అల్యూమినియం లగ్గు, అది రాగి పట్టీ (బస్‌బార్) మీద నేరుగా బిగించి ఉంది. లగ్గు చుట్టూ తెల్లటి పొడి, పిండి చల్లినట్టు. బోల్టు నల్లబడి, వాచరు సగం తినేసి ఉంది. వేలితో లగ్గును కదిపితే కదిలింది.

"అంకుల్, రాగి, అల్యూమినియం నేరుగా తగిలించకూడదు. మధ్యలో తేమ చేరితే అల్యూమినియం తినేస్తుంది. మీది బీచ్ పక్క, తేమతో పాటు ఉప్పు కూడా" అంది. దీనికి వాడాల్సింది రెండు లోహాలూ కలిపి చేసిన బైమెటల్ లగ్గు. ప్యానెల్ ఖరీదుతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు. హుద్‌హుద్ తుపాను తర్వాత హడావిడిలో మేం వేరేవాళ్ళతో మార్పించిన ప్యానెల్ ఇది. పాత డ్రాయింగులో ఇక్కడ ఉన్నది పింగాణీ ఫ్యూజు కటౌట్ల బోర్డు.

తర్వాత ఎర్తు. డ్రాయింగు ప్రకారం మెట్ల కింద నుంచి గేటు వైపు కొలిచి, ఒక టైలు మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టారు. పార్కింగుకు టైల్స్ వేయించినప్పుడు ఎర్తు గుంటను ఎవరో కప్పేశారు. అక్కడ గుంట ఉందనే మాలో ఎవరికీ తెలియదు. టైలు పగలగొట్టి తవ్వితే సరిగ్గా అక్కడే దొరికింది. పాత పద్ధతిలో బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి దించిన జీఐ పైపు. ఏళ్ళ తరబడి నీళ్ళు పోసే దిక్కు లేక బొగ్గు ఎండిపోయింది. పైపును పట్టుకుని లాగితే పైముక్క అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చింది. అంటే ఇన్నేళ్ళూ మా గీజర్ల పచ్చ వైరు నేరుగా ఏ భూమికీ చేరలేదు. కొలిచి చూపించిన అంకె చూసి మా ప్రెసిడెంటు గారు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు.

వీళ్ళ మీద నమ్మకం కుదిరింది మాత్రం తర్వాతి మాటతో. కింది నుంచి ప్యానెల్ దాకా వచ్చే ఆర్మర్డ్ కేబులును మిగతా ఇద్దరూ కొటేషన్లో కొత్తది రాశారు. వీళ్ళు కూడా మొదట రాశారు. తర్వాత రెండు కొసలూ విడదీసి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూసి, "ఇది బాగుంది అంకుల్, చివర్లు కోసి కొత్త లగ్గులు వేస్తే చాలు" అని ఆ ఐటమ్ కొట్టేశారు. అదే బిల్లులో పెద్ద ఐటమ్‌లలో ఒకటి. చివరి బిల్లు కొటేషన్ కంటే తగ్గింది. నా సర్వీసులో కాంట్రాక్టరు బిల్లు అంచనా కంటే తగ్గడం చాలా అరుదు.

ఇళ్ళలో పని ఒక్కో ఫ్లాటు చొప్పున సాగింది. పొద్దున పదికి కరెంటు కట్టేస్తే సాయంత్రం అయిదుకు ఇచ్చేవారు. లైట్లకు ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు, ప్లగ్గులకు రెండున్నర, ఏసీ, గీజర్లకు నాలుగు, ఒక్కోదానికి విడి ఎంసీబీ, అంటే లోడు మించితే తానే పడిపోయే స్విచ్చి. ఇక్కడ ఒక మాట అందరికీ పనికొస్తుంది. మా నాలుగైదు ఇళ్ళలో ఎంసీబీ ఊరికే పడిపోతోందని ఎవరో 16 ఆంపియర్లది తీసి 32ది పెట్టారు. వైరు మాత్రం రెండున్నరే. ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడ్డానికి కాదు, గోడలోని వైరును కాపాడ్డానికి. పెద్దది పెడితే అది పడదు, దాని బదులు గోడలో వైరు కాలుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇలా "రిపేరు" చేసి ఉంటే ఈ రోజే చూపించుకోండి.

హెడ్ వైర్‌మన్ శ్రీకాకుళం వైపు మనిషి, పెద్దాయన దగ్గర కుర్రాడిగా చేరి ఇక్కడే తల నెరిసిపోయింది. ప్రతి బోర్డులో ప్రతి తీగ కొసకూ చిన్న తెల్ల గొట్టం తొడిగి నంబరు రాస్తాడు. మా ఇంట్లో వంటింటి ఫ్రిజ్ లైను 302-ఆర్-4. ఇంత అవసరమా, టైము పట్టదా అనడిగాను. "ఏటండీ మాస్టారూ, పేరెట్టకపోతే పిలిస్తే పలుకుతాదా?" అన్నాడు. నేను మాస్టారిని కాదని చెప్పినా చివరిదాకా అలాగే పిలిచాడు.

ఆర్‌సీసీబీ పెట్టిన వారం బిల్డింగంతా గోల. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ దాటితే కరెంటు కట్టేసే పరికరం అది, మనిషికి షాకు కొడితే ప్రాణం కాపాడేది అదే. మూడో అంతస్తులో ఒకరింట్లో రోజూ తెల్లారుజామున పడిపోయేది. ఆ ఇంటి పెద్దావిడ "మంచిగున్న కరెంటు పాడుచేశారు" అని మెట్ల మీదే నన్ను నిలబెట్టి కడిగేశారు. హెడ్ వైర్‌మన్ వెళ్ళి ఒక్కో స్విచ్చి వేసుకుంటూ చూస్తే గీజరు ఎలిమెంటు లీకవుతోంది. ఎర్తు లేకుండా, ఆ గీజరు నీళ్ళతో ఆ ఇంట్లోవాళ్ళు ఎన్నాళ్ళుగా స్నానం చేస్తున్నారో. ఎలిమెంటు మార్చాక ఆవిడ వైర్‌మన్‌కు పెసరట్టు పెట్టారు, నాకేమీ పెట్టలేదు. ఇంకో ఇంట్లో తప్పు ఇన్వర్టరుది. రెండు సర్క్యూట్లకు ఒకే న్యూట్రల్ కలిపేశారు, అలా ఉంటే ఆర్‌సీసీబీ నిలవదు. దాన్ని విడదీయడానికి సాయంత్రం దాకా పట్టింది, దానికి విడిగా డబ్బు అడగలేదు.

నచ్చనివి కూడా రాయాలి.

మధ్యాహ్నం ఒకటి నుంచి మూడున్నర దాకా ఫోనెత్తరు. పనిలో ఉన్నామంటారు, భోంచేసి పడుకున్నారని నా అనుమానం. పని మధ్యలో అచ్యుతాపురంలో ఏదో అర్జెంటని హెడ్ వైర్‌మన్‌ను తీసుకెళ్ళిపోయారు. ఆ రోజుల్లో వచ్చిన కుర్రాళ్ళు పని చేశారు గానీ నాలుగో అంతస్తులో ఒక బోర్డు వంకరగా పెట్టారు. చెబితే సరిచేశారు, చెప్పకపోతే అలాగే ఉండేది. గోడలకు గాడులు కొట్టిన చోట సిమెంటు పూస్తారు, లప్పం, రంగు మనమే చూసుకోవాలి. ఇది కొటేషన్లో చిన్న అక్షరాల్లో ఉంది. పెద్ద అక్షరాల్లో ఉంటే మా మీటింగులో ఒక గొడవ తప్పేది. సామాను మనం కొని తెస్తామంటే ఒప్పుకోరు. మా మొదటి అంతస్తు వారికి డాబాగార్డెన్స్‌లో తెలిసిన షాపు ఉంది, అక్కడ వైరు చవకగా వస్తుందని చాలా వాదించారు. "కట్ట మీద పేరు చూసి కాదండీ, లోపల రాగి తూకం చూసి కొంటాం" అని పెద్దాయన ఒక్క మాటతో తోసేశారు. ఆయన అన్నది నిజమే కావచ్చు, కానీ డబ్బు పెట్టేవాళ్ళతో అలా మాట్లాడటం నాకు నచ్చలేదు. సగం అడ్వాన్సు, మిగతాది చెక్కు. జీఎస్టీ అదనం. బిల్లులో ఐటమ్‌లు పొట్టి అక్షరాల్లో రాస్తారు, వాటికి అర్థాలు రాసివ్వమని నేను ఒక కాగితం పట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది.

రేటు ఎక్కువని మీటింగులో అన్నప్పుడు రెండో అంతస్తు మేడమ్ హుద్‌హుద్ సంగతి ఎత్తారు. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటాక రోజుల తరబడి ఊళ్ళో కరెంటు లేదు, ట్యాంకుల్లో నీళ్ళు లేవు. అప్పుడు వీళ్ళ మనుషులు ఒక చిన్న జనరేటరును ఆటోలో వేసుకుని, పాత కస్టమర్ల ఇళ్ళకు తిరిగి, మోటారు ఆడించి ట్యాంకులు నింపి పెట్టారట. మా వీధిలో మేడమ్ వాళ్ళ చెల్లెలి ఇంటికి వచ్చారు. డీజిలు డబ్బులు మాత్రం తీసుకున్నారు. కరెంటు తిరిగి ఇచ్చేముందు ఇంట్లో తడిసిన బోర్డులు విప్పి ఆరబెట్టి, మెగ్గర్ వేసి చూశాకే మెయిన్ వేయించారు. అప్పుడు మేం వీళ్ళను ఎందుకు పిలవలేదని మా ప్రెసిడెంటు గారు అడిగారు. ఎవరి దగ్గరా నంబరు లేదు, అంతే. ఆ తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో చాలా చోట్ల స్తంభాల తీగలు తీసి భూమిలో కేబుళ్ళు వేశారు. వీధి బాగుపడింది. గేటు లోపలి తీగ మాత్రం ఎప్పటికీ మనదే, ఈపీడీసీఎల్ బాధ్యత మీటరు దగ్గర ఆగిపోతుంది.

పని అయ్యాక ఒక ఫైలు ఇచ్చారు. కొత్త డ్రాయింగు, ప్రతి ఫ్లాటుకు టెస్ట్ రిపోర్టు, ఎర్తు గుంటలు రెండూ ఎక్కడున్నాయో గోడ నుంచి కొలతలతో సహా. ఈసారి గుంటల మీద ఇనుప మూత పెట్టించి, ఎర్ర రంగు వేయించాను. కార్లు పెట్టేవాళ్ళు సణుగుతున్నారు, సణగనీండి. అదనపు లోడుకు ఈపీడీసీఎల్‌లో దరఖాస్తు కూడా వాళ్ళే పెట్టారు. దానికి ఆఫీసులో కట్టాల్సింది రసీదు ప్రకారం మేమే కట్టాం, పైన ఒక్క రూపాయి వేసుకోలేదు.

పిలవాలనుకుంటే ఇవి గుర్తుపెట్టుకోండి. పొద్దున పదిన్నర లోపు వెళ్ళండి, మనవరాలు ఉంటుంది. మీ బిల్డింగు వైరింగు పాతకాలంలో వీళ్ళే చేశారేమో అడగండి, పేరు కంటే కట్టిన సంవత్సరం, వీధి చెబితే ఫైలు త్వరగా దొరుకుతుంది. కొటేషన్ ముందు పరీక్షకు విడిగా ఫీజు తీసుకుంటారు, పని ఇస్తే దాన్ని బిల్లులో తగ్గిస్తారు. రంగు, లప్పం ఖర్చు మీ లెక్కలో ముందే వేసుకోండి. ఇంట్లో చిన్న పిల్లలూ, పెద్దవాళ్ళూ ఉంటే గాడులు కొట్టే రోజు వేరే ఇంటికి పంపండి, ఆ దుమ్ము భరించలేరు. ఒక ఫ్యాను రిపేరుకో, ఒక స్విచ్చి మార్చడానికో వీళ్ళను పిలవొద్దు, రారు. దానికి మీ వీధిలో ఎవరో ఒక కుర్రాడు ఉంటాడు, అతన్ని పిలుచుకోండి.

అయిదుకు నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది ఫోనుకూ, ఆ వంకర బోర్డుకూ. ఏటా వానలకు ముందు వచ్చి ప్యానెల్లో బోల్టులన్నీ బిగించి, ఎర్తు కొలిచి, రిపోర్టు ఇచ్చే ఒప్పందం ఒకటి పంపారు. వచ్చే ఆదివారం మీటింగులో పెడుతున్నాను. మొదటి అంతస్తు వారు అప్పుడే వద్దంటున్నారు.